నత్తల మందు నీళ్లు లాగి చంపుతుందా, నరాలు పట్టి చంపుతుందా?

కడియం_క్రోటన్
మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. వానలు మొదలైనప్పటి నుంచి ఆఫ్రికా నత్తలు ప్రాణం తీస్తున్నాయి. బంతి నారు, చామంతి కవర్లు సాయంత్రం పచ్చగా ఉంటాయి, తెల్లారేసరికి పుల్లలు మిగులుతాయి. ఊళ్లో మందుల షాపులో మెటల్డిహైడ్ గుళికలు ఇచ్చారు, 2.5 శాతం అని రాసుంది. "ఇది విషం కాదండి, నత్త ఒంట్లో నీళ్లు లాగేసి ఎండబెడుతుందంతే. కుక్కకీ కోడికీ ఏం కాదు" అని షాపతను మరీ మరీ చెప్పాడు. షేడ్‌నెట్ కింద వరసల మధ్య చల్లించాను.

చల్లిన రాత్రే మా కాపలా కుక్క పడిపోయింది. కాళ్లు కొట్టుకుంటోంది, ఒళ్లు కాలిపోతోంది, గేటు చప్పుడైనా ఎగిరిపడుతోంది. పశువుల డాక్టరు గారు ఇంజెక్షన్లు చేసి మత్తులో ఉంచి బతికించారు. ఇప్పుడు బాగానే తిరుగుతోంది.

నా అనుమానం ఏంటంటే, నీళ్లు లాగే మందైతే కుక్కకి ఫిట్స్ ఎందుకు వచ్చాయి? షాపతన్ని అడిగితే "మీ కుక్కకి ముందు నుంచే మూర్ఛ ఉందేమో చూపించుకోండి" అన్నాడు. అసలు ఈ మందు నరాల మీద పనిచేస్తుందా లేదా? తెలిసినవాళ్లు చెప్పండి. తెలియనివాళ్లు దయచేసి ఉప్పు చల్లమని చెప్పకండి, అది చల్లి చూడటం అయిపోయింది.

గోదారి_గట్టు
కుక్కకి మూర్ఛా! రేపు నత్తకి బీపీ ఉందేమో చూపించుకోమంటాడు.

లంకరైతు
షాపువాళ్లు మందు అమ్ముతారు గానీ పెట్టె మీద రాసింది చదవరు. గుళికలు దేంతో చేస్తారో తెలుసా? తవుడు లాంటి తిండి పదార్థంతో. నత్త వాసనకి రావాలని అలా చేస్తారు. ఆ వాసనకి కుక్క రాదా మరి?

ఇంటి_పెరడు
ఉప్పు చల్లండి.

గోదారి_గట్టు
వచ్చేశాడు.

కొబ్బరిచిప్ప
నేను షాపతని వైపు మాట్లాడతాను, తిట్టుకోండి. మా రాజోలు తోటలో కోకో మొక్కల కింద ఇదే మందు వేశాం. పొద్దున్నే చూస్తే ఒక్కో నత్త చుట్టూ జిగురు మడుగు కట్టింది. గుల్లలోకి వెనక్కి పోలేక బయటే పడి, ఎండ రాగానే తోలులా అయిపోయాయి. నీళ్లు పోవడం కళ్లకి కనపడుతోంది కదా. నరాల సంగతి ఎక్కడ కనపడింది? కుక్క ఇంకేదైనా తిన్నదేమో.

జువాలజీ_మేడమ్
మీరు రాసిందాంట్లోనే కనపడుతోందండి. "గుల్లలోకి వెనక్కి పోలేక" అన్నారు. నత్తకి ప్రమాదం అనిపిస్తే మొదటి పని గుల్లలోకి ముడుచుకోవడం. ఆ పని చేయలేకపోయిందంటే కండరాలకి సరైన ఆజ్ఞ అందలేదనేగా. జిగురు ఒక్కటే కారణమైతే ముందే లోపలికి పోయి కూర్చునేది.

నత్తకి మనలా ఒకే ముద్దగా మెదడు ఉండదు. అన్నవాహిక చుట్టూ నాడీకణాల ముడులు ఒక ఉంగరంలా ఉంటాయి. ఆ కణాలు బాగా పెద్దవి, కొన్ని మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటిగా గుర్తుపట్టి పేరు పెట్టేంత పెద్దవి. అందుకే నాడీకణం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనుకున్నవాళ్లు దశాబ్దాలుగా నత్తల వెంటే పడ్డారు. ఎరిక్ కాండెల్‌కి 2000లో నోబెల్ వచ్చింది సముద్రపు నత్త అప్లీసియా మీద జ్ఞాపకశక్తి గురించి చేసిన పనికే. మంచినీటి చెరువు నత్త లిమ్నియా కూడా అలాంటిదే. దాని మొత్తం నాడీవ్యవస్థలో ఉన్నవి దాదాపు 20,000 కణాలు. మనకి మెదడులోనే వేల కోట్లు.

ఈ లిమ్నియా మీదే మెటల్డిహైడ్‌ని పరీక్షించారు. తిండి నమిలే కండరాలని నడిపించే నాడీకణాల్లోకి సన్నటి గాజు ఎలక్ట్రోడు గుచ్చి, మందు తగిలించి, కరెంటు సంకేతాలు చూశారు. మామూలుగా ఆ కణాలు తిండి దొరికినప్పుడు ఒక లయలో సంకేతాలిస్తాయి. మందు తగిలాక అవి ఎక్కువగా, గుంపులు గుంపులుగా, ఆగి ఆగి ఒక్కసారిగా పేలడం మొదలుపెట్టాయి. మనిషికి ఫిట్స్ వచ్చినప్పుడు మెదడు కణాల్లో కనిపించే తీరుకి ఇది దగ్గరగా ఉంటుంది.

జిగురు విషయం అబద్ధం కాదు. చర్మంలో జిగురు తయారుచేసే కణాలని కూడా ఈ మందు పాడుచేస్తుంది. అవి ఉన్నదంతా కక్కేసి చితికిపోతాయి. కాబట్టి రెండూ జరుగుతాయి. షాపతను సగం చెప్పి రెండో సగం మింగేశాడు.

కొబ్బరిచిప్ప
సరే, రెండూ అన్నారు. చంపేది ఏది? అది చెప్పండి.

జువాలజీ_మేడమ్
వాతావరణం మీద ఉంటుంది. నరాలు అదుపు తప్పిన నత్త పాకి నీడలోకి పోలేదు. ఉన్నచోటే పడి జిగురు కారుస్తుంది. ఎండొస్తే నీళ్లు పోయి చస్తుంది. వాన పడిందనుకోండి, నేల తడి నుంచి చర్మం గుండా నీళ్లు మళ్లీ పీల్చుకుంటుంది. మందు మోతాదు తక్కువ అయితే కోలుకుని లేచి వెళ్లిపోతుంది. అందుకే ఈ మందు తడి రోజుల్లో సరిగా పనిచేయదని ఎప్పటి నుంచో తెలుసు.

తమలపాకు_తోట
అదన్నమాట! మాకు జూలైలో వేస్తే చచ్చినట్టే పడి ఉండేవి, మర్నాటికి మాయం. మా పనివాళ్లు కాకులు ఎత్తుకుపోయాయన్నారు. లేచి వెళ్లిపోయాయి దొంగముండలు.

గోదారి_గట్టు
చచ్చినట్టు నటించి గట్టు దాటిన నత్త. మా మండలంలో ఇలాంటి నాయకులున్నారు.

డెల్టా_వెట్
కుక్క సంగతి నేను చెప్తాను, పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాను. క్రోటన్ గారు రాసిన లక్షణాలు పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. మెటల్డిహైడ్ తిన్న కుక్కకి సాధారణంగా మూడు గంటల లోపే మొదలవుతుంది. ముందు కంగారు, చొంగ, తూలడం. తర్వాత వణుకు, ఫిట్స్. కండరాలు ఆగకుండా బిగుసుకోవడం వల్ల ఒంటి వేడి విపరీతంగా పెరుగుతుంది. చప్పుడుకీ వెలుతురుకీ ఉలిక్కిపడుతుంది. ఆ వేడే చాలాసార్లు ప్రాణం తీస్తుంది.

ఎందుకంటే, మెదడులో నాడీకణాలని రెచ్చగొట్టే రసాయనాలు ఉన్నట్టే అణిచి ఉంచేవీ ఉంటాయి. అణిచేవాటిలో ముఖ్యమైనది గాబా. మెటల్డిహైడ్ ఇచ్చిన చిట్టెలుకల మెదడులో గాబా తగ్గిపోయిందని కొలిచి చూశారు. సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ కూడా తగ్గాయి. అణిచేది తగ్గితే రెచ్చిపోయేదానికి అడ్డు ఉండదు, ఫిట్స్ వస్తాయి.

మీ డాక్టరు గారు మత్తులో ఉంచారన్నారు కదా, అది ఊరికే నిద్రపుచ్చడానికి కాదు. డయాజెపామ్ లాంటి మందు ఉన్న కాస్త గాబా పనిని బలపరుస్తుంది. వణుకు తగ్గడానికి మెథోకార్బమాల్ కూడా వాడతాం. మెటల్డిహైడ్‌కి ప్రత్యేకమైన విరుగుడు లేదు. లక్షణాలు ఆపుతూ, ఒళ్లు చల్లబరుస్తూ, ఒంట్లోంచి అది పోయేదాకా కాపాడుకోవడమే. ఇంకోమాట, కొన్ని కుక్కలకి రెండు మూడు రోజుల తర్వాత కాలేయం దెబ్బతింటుంది. తిరుగుతోంది కదా అని వదిలేయకుండా ఒకసారి రక్తపరీక్ష చేయించండి.

కడియం_క్రోటన్
థ్యాంక్సండి. రక్తం రేపే తీయిస్తాను. మూర్ఛ ఉందేమో అన్నాయన మొహాన ఈ పోస్టు ప్రింటు తీసి పెడతాను.

రొయ్యల_రాజు
కుక్కల సంగతి సరే, మా చెరువుల సంగతి ఎవరైనా పట్టించుకుంటారా? మీ నర్సరీల్లో, తోటల్లో చల్లినదంతా వాన పడగానే బోదెల్లోకి, బోదెల్లోంచి డ్రెయిన్‌లోకి. కింద మేం నీళ్లు తోడుకుంటాం. మా చెరువుల వైపు ఒక్కసారి వచ్చి చూడండి, ఎవరు ఏం చల్లారో తెలియక వాటర్ టెస్టులకే ఎంత పోస్తున్నామో.

కడియం_క్రోటన్
రాజుగారూ, మీ చెరువుల ఉప్పునీళ్లు మా పొలాల్లోకి ఊరుతున్నప్పుడు ఎవరు పట్టించుకున్నారండి?

గోదారి_గట్టు
మొదలైంది. పాప్‌కార్న్ తెచ్చుకుంటాను.

జువాలజీ_మేడమ్
గొడవ పడే ముందు ఒక సంగతి. మెటల్డిహైడ్ చేపలకీ రొయ్యలకీ అంత తీవ్రమైన విషం కాదు. దాని సమస్య వేరు, నీళ్లలో కలిస్తే తొందరగా పోదు, తాగునీటి శుద్ధి కేంద్రాల్లో వాడే మామూలు కార్బన్ వడపోతకి సరిగా చిక్కదు. బ్రిటన్‌లో చాలా ఏళ్లు నదీజలాల్లో అదే తలనొప్పి. పక్షులకీ జంతువులకీ హాని అని చెప్పి 2022 మార్చి చివర నుంచి అక్కడ ఆరుబయట వాడకం పూర్తిగా ఆపేశారు. రాజుగారు భయపడాల్సింది కార్బమేట్ మందులకి.

పెదపట్నం_బుల్లోడు
కార్బమేట్ అంటే మెథోమిల్ లాంటివేనా? మా వైపు దాన్ని తవుడు, బెల్లంలో కలిపి ఉండలు చేసి పెడతారు. మెటల్డిహైడ్ కంటే చవక, వానలో కూడా పనిచేస్తుందని పేరు.

డెల్టా_వెట్
అయ్యా బుల్లోడు గారూ, ఆ పని ఆపించండి. మెథోమిల్‌ని 2023లో కేంద్రం నిషేధించింది. పాత సరుకు ఎవరి అటకమీద ఎంత ఉందో నాకు తెలుసు, కేసులు మా దగ్గరకే వస్తాయి. బెల్లం కలిపితే కుక్కలే కాదు, ఆవులూ మేకలూ తింటాయి. పిల్లలు కూడా. ఉండ చూడటానికి మిఠాయిలా ఉంటుంది.

జువాలజీ_మేడమ్
ఇక్కడే అసలు తేడా. మెథోమిల్, నత్తల కోసమే ఎన్నో ఏళ్లు అమ్మిన మెథియోకార్బ్, ఇవన్నీ కార్బమేట్లు. మెటల్డిహైడ్‌దీ వీటిదీ నరాల మీద దారి వేరు.

ఒక నరం కొస నుంచి కండరానికి ఆజ్ఞ వెళ్లాలంటే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. అది కండరాన్ని తాకి, పని చేయించి, వెంటనే పోవాలి. పోగొట్టే పని అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైముది. కార్బమేట్ ఆ ఎంజైముని పట్టుకుని పనిచేయనివ్వదు. అసిటైల్‌కోలిన్ పోగుపడుతుంది. మొదట కండరం కొట్టుకుంటుంది, తర్వాత స్పందించడం మానేస్తుంది. ఊపిరి కండరాలకి అదే జరిగితే మరణం.

ఇంకో చిత్రం. మన కాళ్లూ చేతులూ కదిలించే కండరాల్లో అసిటైల్‌కోలిన్ ఎప్పుడూ ఉత్తేజపరిచేదే. నత్తల నాడీకణాల్లో అలా కాదు. కొన్ని కణాలని రెచ్చగొడుతుంది, కొన్నిటిని కణం గోడలోని క్లోరైడ్ ద్వారాలు తెరిచి అణిచేస్తుంది. కాబట్టి అది పోగుపడ్డప్పుడు నత్త ఒంట్లో కొన్ని భాగాలు బిగుసుకుంటే, కొన్ని వదులైపోతాయి.

లంకరైతు
నాకు అర్థమైన భాషలో చెప్తాను, తప్పయితే సరిచేయండి. మెథోమిల్‌ది డ్రెయిన్ పూడిపోయిన కథ. కాలువలో నీళ్లు మామూలుగానే వస్తున్నాయి, పోవాల్సిన మురుగు కాలువ మూసుకుంది, చేను మునిగింది. మన డెల్టాలో ఇది ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

జువాలజీ_మేడమ్
చక్కగా చెప్పారు. ఇంటర్ క్లాసులో వాడుకుంటాను.

రొయ్యల_రాజు
వాడుకోండి, కానీ రొయ్యకి ఏమవుతుందో కూడా చెప్పండి క్లాసులో.

జువాలజీ_మేడమ్
రొయ్యలు, పీతలు, పురుగులు అన్నీ ఒకే పెద్ద కుటుంబం. ఎంజైముని ఆపి పురుగులని చంపే మందు రొయ్యనీ వదలదు, చాలా తక్కువ మోతాదు చాలు. మీ భయం న్యాయమైనదే. నర్సరీవాళ్లు కార్బమేట్ వాడకపోతే సగం గొడవ తగ్గుతుంది.

కడియం_క్రోటన్
నేను వాడలేదండీ!

రొయ్యల_రాజు
మిమ్మల్ని అనలేదు. పై ఊరివాళ్లని అన్నాను. ఎప్పుడూ పై ఊరివాళ్లే.

తమలపాకు_తోట
అసలు మాకు పనిచేయని మందుల లిస్టు రాస్తే ఇక్కడ చోటు చాలదు. క్లోరిపైరిఫాస్ కొట్టాం, ఇమిడాక్లోప్రిడ్ పోశాం. పురుగులు చచ్చాయి, నత్తలు ఇంకా బలిశాయి. ఇవి కూడా నరాల మందులే కదా? నత్తకి నరాలు లేవా?

జువాలజీ_మేడమ్
ఉన్నాయి, కానీ తాళాలు వేరు, మీ తాళంచెవి వేరు. ఇమిడాక్లోప్రిడ్ రకం మందులు పురుగుల అసిటైల్‌కోలిన్ గ్రాహకాలకి, అంటే ఆ రసాయనం వచ్చి అతుక్కునే చోట్లకి, సరిపోయేలా తయారుచేసినవి. నత్తల గ్రాహకాల నిర్మాణం వేరు, అంత గట్టిగా అతుక్కోవు.

బలిశాయన్నారు చూశారా, అది ఊహ కాదు. అమెరికాలో సోయాబీన్ చేలల్లో చూశారు, 2015లో అచ్చయింది. విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ రకానిదే అయిన థయామెథాక్సామ్ పట్టించారు. మొలకని గుల్ల లేని నత్తలు తిన్నాయి, వాటికేం కాలేదు. ఆ నత్తల్ని తిన్న నేలపేడ పురుగులు మాత్రం విషం తగిలి పడిపోయాయి. నత్తల్ని తినేవాళ్లు పోయారు, నత్తలు పెరిగాయి, పంట తగ్గింది. మీరు డబ్బు పెట్టి కొన్న మందు నత్తలకి కాపలా కాసింది.

లంకరైతు
నేలపేడ పురుగులు అంటే ఏవండీ? పేడపురుగులా?

జువాలజీ_మేడమ్
చేతివేగంలో పడిందండి అది, పేడతో సంబంధం లేదు. నేల మీద పరుగెత్తే నల్లటి పెంకు పురుగులు. రాత్రిపూట కుండీ ఎత్తితే కింద నుంచి పరుగు తీస్తాయే, అవి.

కొబ్బరిచిప్ప
మా నాన్నగారి రోజుల్లో లంక పొగాకు కాడలు మరగబెట్టి ఆ కషాయంలో మైలుతుత్తం కలిపి కొట్టేవారు. నత్తలు చచ్చేవి. దీనికేం శాస్త్రం ఉంది?

జువాలజీ_మేడమ్
బోలెడు ఉంది. నికోటిన్ అసిటైల్‌కోలిన్ వేషం వేసుకుని గ్రాహకం మీద కూర్చుంటుంది. ఎంజైము దాన్ని విరగ్గొట్టలేదు, కాబట్టి లేవదు. మొదట నరం అతిగా పనిచేసి తర్వాత మూగబోతుంది. మైలుతుత్తంలోని రాగి నరాల మందు కాదు, చర్మాన్నీ జిగురునీ నేరుగా దెబ్బతీస్తుంది. రెండూ కలిస్తే బలమైనదే. సహజం కదా అని చేతులతో కలపకండి. పొగాకు కషాయం చర్మం గుండా లోపలికి పోతుంది. తడి పొగాకు ఆకు కోసే కూలీలకి వాంతులు, కళ్లు తిరగడం వచ్చేది అందుకే.

గోదారి_గట్టు
మా తాత అడ్డచుట్ట కాల్చి తొంభై దాటాడు. నత్త అయ్యుంటే ఎప్పుడో పోయేవాడు.

అంతర్వేది_అల
హెడ్డింగ్ చూసి నత్తల విషం అంటే నత్తలు కక్కే విషం అనుకుని వచ్చాను. సముద్రంలో విషం కొట్టే నత్తలు ఉన్నాయి కదా, వాటి గురించి మాట్లాడరేం?

జువాలజీ_మేడమ్
నాకు ఇష్టమైన చోటికి తెచ్చారు. శంకు ఆకారంలో గుల్ల ఉండే కోనస్ జాతి నత్తలు. వాటిలో కొన్ని పంటిని బల్లెంలా విసిరి చేపకి విషం ఎక్కిస్తాయి, చేప కదలకుండా అయిపోతుంది. వాటిలో కోనస్ జియోగ్రాఫస్ అనేది కుడితే మనిషి కూడా చనిపోవచ్చు. ఆ విషంలో ఒక్కో ముక్క నాడీకణంలో ఒక్కో ద్వారాన్ని ఎంచుకుని మూస్తుంది, ఒకటి సోడియంది, ఒకటి కాల్షియంది, ఇలా. కోనస్ మేగస్ అనే నత్త విషంలోని ఒక ముక్కని నకలు తీసి జికోనొటైడ్ అనే నొప్పి మందు చేశారు. 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. వెన్నుపాములో నొప్పి సంకేతాలు దాటించే కాల్షియం ద్వారాలని మూస్తుంది. దాన్ని వెన్ను ద్రవంలోకి పంపు ద్వారా ఎక్కించాలి, మాత్ర వేసుకునేది కాదు.

మనం నత్తకి పెట్టేది ముతక విషం. నత్త చేసుకునేది సూది మొన లాంటిది.

అంతర్వేది_అల
అయితే ఒడ్డున శంకు గుల్ల బతికున్నది దొరికితే జేబులో వేసుకోకూడదు.

డెల్టా_వెట్
వేసుకోకండి. నా దగ్గరకి తెచ్చినా నేను చేసేదేం లేదు, నాది పశువుల ఆసుపత్రి.

ఇంటి_పెరడు
నా ఉప్పు మాట ఎవరూ పట్టించుకోలేదు. ఉప్పు నరాల మందా కాదా?

లంకరైతు
కాదు బాబూ. ఉప్పు నీళ్లు లాగుతుంది. షాపతను చెప్పిన కథ ఉప్పుకి సరిపోతుంది. కానీ కుండీల్లో చల్లితే మొక్క కూడా చస్తుంది. ఏరి బకెట్లో ఉప్పునీళ్లలో వేయి, అంతవరకే.

డెల్టా_వెట్
ఏరేటప్పుడు చేతికి గ్లవుసు వేసుకోండి. ఆఫ్రికా నత్త ఎలుకల ఊపిరితిత్తుల పురుగుని మోస్తుంది. అది మనిషి ఒంట్లోకి చేరితే మెదడు పొరల వాపు వస్తుంది. జిగురు చేతులతో నోరు ముట్టుకోవద్దు, పిల్లల్ని ఏరడానికి పంపొద్దు. నత్తగుల్లల కూర వండుకునేవాళ్లూ వినండి. చెరువు నత్తలైనా బాగా ఉడకబెట్టే తినాలి. ఈ ఆఫ్రికా నత్తని మాత్రం మందు తిన్నదో లేదో తెలియకుండా వండొద్దు.

పెదపట్నం_బుల్లోడు
అసలు ఆఫ్రికాది ఇక్కడికి ఎలా వచ్చిందండీ? కాటన్ దొర తెచ్చాడా?

జువాలజీ_మేడమ్
దొరే, కానీ వేరే దొర. 1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి కలకత్తా తీసుకొచ్చి తోటలో వదిలాడు. గుల్లల మీద ఇష్టం ఉన్న మనిషి. ధవళేశ్వరం ఆనకట్ట పని కూడా సరిగ్గా అదే ఏడాది మొదలైంది, దానికీ దీనికీ సంబంధం లేదు లెండి. అక్కడి నుంచి మొక్కలతో, మట్టితో, సామాన్లతో పాకుతూనే ఉంది. నర్సరీలకి కుండీ మట్టిలో గుడ్ల రూపంలో వస్తుంది. ఒకే నత్తలో ఆడా మగా రెండూ ఉంటాయి, ఒక్క విడతలో వంద పైన గుడ్లు పెట్టగలదు.

కడియం_క్రోటన్
మాకు బయట రాష్ట్రాల నుంచి లోడు దిగుతుంది. ఇక మీదట కుండీలు దింపాక విడిగా ఒక మూల ఉంచి, మట్టి తిరగేసి చూశాకే లోపలికి. గుడ్లు పసుప్పచ్చగా మిరియం గింజంత ఉన్నాయి, మొన్న చూశాను. ఎరువు గింజలనుకున్నారు మా కుర్రాళ్లు.

ఇంతకీ కుక్క ఉన్న ఇంట్లో వాడదగ్గ మందే లేదా?

అమలాపురం_టు_హైదరాబాద్
ఐరన్ ఫాస్ఫేట్ గుళికలని చూడండి. మెటల్డిహైడ్ ఆపేసిన దేశాల్లో రైతులు దానికే మారారు. అది నరాల జోలికి పోదు. నత్త జీర్ణాశయాన్ని దెబ్బతీస్తుంది, తిన్న నత్త తిండి మానేసి ఎక్కడో దాక్కుని కొన్నాళ్లకి చస్తుంది. శవాలు కనపడవు కాబట్టి పనిచేయలేదని తిడతారు.

కొబ్బరిచిప్ప
శవం కనపడని మందుకి మన రైతు డబ్బులిస్తాడా? నేనైతే ఇవ్వను.

అమలాపురం_టు_హైదరాబాద్
మెటల్డిహైడ్‌కి శవం కనపడింది, వానకి లేచి వెళ్లింది. దానికి ఇచ్చారుగా.

కొబ్బరిచిప్ప
...

గోదారి_గట్టు
మార్కులు హైదరాబాద్‌కి.

డెల్టా_వెట్
ఐరన్ ఫాస్ఫేట్ కూడా కుక్క సంచి మొత్తం చింపి తినేస్తే ఇనుము ఎక్కువై ఇబ్బందే, కానీ మెటల్డిహైడ్‌తో పోల్చేది కాదు.

అందరికీ ఒక పని చెప్తాను. ఏ మందైనా సరే, పశువు పడిపోయినప్పుడు ఖాళీ సంచైనా, చింపిన లేబులైనా పట్టుకురండి. ఎందుకంటే, మెథోమిల్ తిన్న కుక్కకి అట్రోపిన్ ఇస్తే ప్రాణం నిలబడుతుంది. పోగుపడ్డ అసిటైల్‌కోలిన్ పనిని అది కొంతవరకు అడ్డుకుంటుంది. మెటల్డిహైడ్ తిన్న కుక్కకి అదే అట్రోపిన్ ఎంత ఇచ్చినా లాభం లేదు. దూరం నుంచి చూస్తే రెండూ వణుకే. దగ్గరకొచ్చి చూస్తే కార్బమేట్‌ది చొంగతో పాటు కన్నీళ్లు, విరేచనం, చిన్నదైపోయిన కంటిపాప. మెటల్డిహైడ్‌లో ఆ జ్వరం, ఆ ఉలికిపాటు. రెండూ కలిపి తిన్న కేసు కూడా చూశాను, ఇంటాయన "రెండు మందులు కలిపితే గట్టిగా ఉంటుంద"ని కలిపాడు. లేబుల్ లేకపోతే మేం ఊహ మీద బండి నడపాలి. మనుషులకైతే 108కి ఫోన్ చేసేటప్పుడే మందు పేరు చెప్పండి. వణుకు మొదలయ్యాక నోట్లో ఉప్పునీళ్లు, చింతపండు పులుసు పోసి కక్కించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇంటి_పెరడు
మళ్లీ ఉప్పు వద్దన్నారు.

తమలపాకు_తోట
కడియం గారూ, తడి గోనెసంచులు వరసల మధ్య పరవండి. కింద బొప్పాయి ఆకులు వేయండి. తెల్లారి ఎత్తితే నత్తలన్నీ కిందే ఉంటాయి. వానాకాలంలో గుళికల కంటే ఇదే మేలు. కాండాలకి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూస్తే ఎక్కవు.

కడియం_క్రోటన్
సంచులు రేపే పరిపిస్తాను. మా తోటలో పక్కూరి బాతులవాళ్లని ఒక వారం దింపుదామని ఆలోచన. చిన్న నత్తల్ని బాగా తింటాయంటున్నారు. మొన్న చల్లిన గుళికలు చాలావరకు ఏరించేశాను. బాతులు దింపొచ్చా?

డెల్టా_వెట్
ఇప్పుడే వద్దు. "చాలావరకు" అన్నారు, మిగిలినవి బాతు వెతికి మరీ తింటుంది, పక్షులకి కూడా అదే నరాల మందు. చచ్చిన నత్తలు కూడా ఏరి లోతుగా పాతండి, మందు తిన్న నత్తని బాతు మింగకూడదు. చల్లిన వరసలు వదిలేసి, మందు పడని వైపు మడులు ఉంటే అక్కడ దింపండి.

రొయ్యల_రాజు
పాతేది డ్రెయిన్ గట్టున కాదండోయ్.

కడియం_క్రోటన్
కాదు లెండి రాజుగారూ. కొబ్బరి తోట వైపు, మెరకలో తవ్వించాను. బాతులవాళ్లకి ఉత్తరం మడులే చూపిస్తాను.